వెనక్కి నడిచిన గుర్రం

మార్కాపురం, 3 ఫిబ్రవరి 1935, ఆదివారం

గురమ్మ రాచర్ల పోయి నాలుగు రోజులు. పుట్టింట్లో గొర్రెలు ఈనుతున్నాయట, తమ్ముడు అంకన్నకు సాయం కావాలట. పెళ్ళాం అన్నాక పుట్టింటికి పోతుంది, వస్తుంది. పోతూ పోతూ పెట్టె కూడా తీసుకుపోయింది. ఈనే గొర్రెకు పెట్టె ఎందుకో నాకు తెలియదు. నేను అడగలేదు.

సంగటి నేనే కెలికాను. బాగానే వచ్చింది. పక్కింటి కుక్క మూతి పెట్టలేదు గాని, దానికి మొదటినుంచీ పొగరు.

రామసుబ్బయ్య డేరాలో మూగ సినిమాలకు మాట చెప్పడం నా పని. తెర పక్కన బల్ల మీద నిలబడి, బొమ్మలో మనుషులు నోరు కదిపినప్పుడల్లా నేను మాట్లాడాలి. రాజుకొక గొంతు, రాణికొక గొంతు, పులికొక గొంతు. నలభై ఆరేళ్ళ వయసులో ఆడగొంతు తీసి బతుకుతున్నానని మా అమ్మ ఉంటే ఏడ్చేది. నాలుగో తరగతిలో ఆగిపోయిన చదువుకు ఇంతకంటే మంచి ఉద్యోగం ఎవరిస్తారు?

డేరా నోటీసుల వెనకవైపు తెల్లగా ఉంటుంది. కుట్టి పుస్తకం చేసుకున్నాను. ఇది నాకే.

5 ఫిబ్రవరి

డేరాకు పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో ఇద్దరు తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. దూడ లేదని తెలిశాక పోయారు.

గుంటూరులో బొమ్మలు వాటంతటవే మాట్లాడుతున్నాయట, పాడుతున్నాయట. రామసుబ్బయ్య ఈ మాట చావుకబురు చెప్పినట్టు చెప్పాడు. "ఇంక నీ నోరు ఎవురికి కావాల పాపయ్యా? ఉగాది దాకా చూస్తా. ఆపైన ఈ గుడ్డ గోతాలు కుట్టేదానికే."

మా దగ్గర ఉన్నవి రెండే బొమ్మలు. ఒకటి దొర బొమ్మ. అందులో గుర్రం మీద తిరిగే దొర, ఈకల టోపీ పెట్టుకున్న దొరసాని, ఒక ఆవులమంద. ఏడు ఫిలిం చుట్టల్లో రెండు ఎక్కడో పోయాయి. రెండోది రాజు బొమ్మ. కొలువు, శాపం, అడవి. ఆఖరి చుట్ట మిషన్లో ఇరుక్కుని కాలిపోయింది. రాజు మూడేళ్ళుగా అడవిలోనే ఉన్నాడు.

6 ఫిబ్రవరి

కూరలో ఉప్పు ఎక్కువైంది.

7 ఫిబ్రవరి

తక్కువైంది.

8 ఫిబ్రవరి

పగటిపూట ఖాళీగా కూర్చుని చుట్టలు వెలుతురుకు పట్టి చూస్తున్నాను. దొర ఒక తలుపు తోసుకుని లోపలికి పోతాడు. ఆ లోపల ఏముందో పోయిన చుట్టలో ఉంది. రాజు బొమ్మలో రాజు తలుపు వైపు చూసి చెయ్యెత్తుతాడు. రెంటినీ అతికితే దొర తిన్నగా రాజు కొలువులోకి పోతాడు గదా అనిపించింది.

మిషను పిడి తిప్పే ఏబేలుకు చెప్పాను. ఏబేలు రైల్వే క్వార్టర్సులో పెరిగినవాడు, ఆదివారం చర్చికి పోకుండా ఉండడు, చేతులు కడుక్కోకుండా చుట్ట ముట్టుకోడు. ఒప్పుకోలేదు.

"దేవుళ్ళున్న బొమ్మ అన్నా. కత్తెర పెట్టేది పాపం."

నువ్వు చర్చికి పోయేవాడివి, నీకెందుకని అడిగాను.

"అందుకే. మా దేవుడైతే నేను బతిమాలుకుంటా. మీ దేవునితో నాకు పరిచయం ల్యా." కత్తెర నా చేతిలో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

నేను కోశాను. వాడు బ్లేడుతో గీకి జిగురు పూశాడు. డేరా అంతా కుళ్ళిన అరటిపండు వాసన.

10 ఫిబ్రవరి

కొత్త బొమ్మ వేశాం.

దొర ఇప్పుడు మన వైపు గొర్రెలు మేపుకునేవాడు. రాజు తాలూకా కచేరీలో గుమాస్తా. దొర గుర్రం దిగి తలుపు తోసి కొలువులోకి వచ్చి, నల్లమలలో గొర్రెలు మేపుకునే పర్మిట్టు కావాలన్నాడు. రాజు చెయ్యెత్తి శపించాడు. స్టాంపు ఏదని నేను కేకేశాను. తర్వాత ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చి నాట్యం చేస్తారు, అది కోయడానికి ఏబేలు ఒప్పుకోలేదు. కచేరీలో ఇది భోజనం వేళ అని చెప్పాను. అప్పుడు దొర రెండు పిస్తోళ్ళు తీశాడు. "ఇదో స్టాంపు. ఇదో నకలు."

ముందు వరసలో ఒకాయన నేల మీద పడి దొర్లాడు.

గొర్రెలన్నావు, అవి ఆవులు గదా అని వెనకనుంచి ఎవరో అడిగారు. సీమ గొర్రెలు, అక్కడ గడ్డి బాగుంటుందని చెప్పాను. ఊరుకున్నారు.

దొరసానికి ఏం మాటలు పెట్టాలో ముందు అనుకోలేదు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని దొర ముందుకొచ్చి నోరు తెరిచింది. నా నోట్లోంచి వచ్చింది: "నోట్లో మాటలు బండెడు, చేతిలో పని పిడికెడు. ఊరందరి గొంతూ నీ దగ్గరుంది, మొగుడి గొంతు ఒకటి లేదు."

ఆడవాళ్ళ పరదా వెనకనుంచి వచ్చిన నవ్వుకు డేరా గుంజలు కదిలాయి.

13 ఫిబ్రవరి

డేరా నిండింది. జనం బయట గుడ్డకు చిల్లులు పెట్టి చూస్తున్నారు. రామసుబ్బయ్య ఉగాది మాట ఎత్తడం లేదు. నన్ను మూడుసార్లు నాయనా అన్నాడు.

బావి దగ్గర ఒకామె తన మొగుణ్ణి, మాటలు బండెడు, పని పిడికెడు అంటుంటే విన్నాను. ఆయన నా వైపు పగవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఏబేలు ఫిలిం చుట్ట చుడుతూ, "దొరసానివి వదిన మాటలు గదన్నా" అన్నాడు.

ఆడవాళ్ళందరివీ ఒకే మాటలన్నాను.

"మా విజయమ్మ అట్ల అనదే."

పెళ్ళయి రెండేళ్ళే గదా, ఓపిక పట్టమన్నాను.

16 ఫిబ్రవరి

రాచర్లనుంచి కంబళ్ళు అమ్ముకునేవాడు వచ్చాడు. అంకన్న మందను ఏ చేలోకీ పిలవడం లేదట. గొర్రెలు రాత్రిళ్ళు బీడులో పడుకుంటున్నాయట. మంద బీడులో పడుకుంటే ఏమవుతుందని ఏబేలు అడిగాడు. రైలు కూతలో పెరిగినవాడికి ఏం తెలుస్తుంది? వాడికి చెప్పాను. చెప్పిందే రాసుకుంటున్నాను, పెద్ద సంగతి ఏమీ కాదు.

పంటలు తీశాక రైతులు చేలో మంద కట్టించుకుంటారు. ఒక రాత్రి గొర్రెలు పడుకుంటే ఆ చేనికి ఏడాది ఎరువు. ఏ రాత్రి ఎవరి చేనో ముందే మాట అనుకుంటారు. ఆ సాయంత్రం చేను గలవాళ్ళింటినుంచి కాపరులకు కూడు వస్తుంది. వాళ్ళ కూడు తిన్నాక ఆ రాత్రికి మంద వాళ్ళది. మందగలవాడికి ఉండేది ఆ మాట ఒకటే.

పోయిన నెల ఇరవై ఏడున నేనూ గురమ్మా రాచర్లలో ఉన్నాం. ఆ రాత్రి మంద దేవరాజు చేలో కట్టాలి. దేవరాజు ఇంటి కూడు తిని అంకన్న పని మీద ఊళ్ళోకి పోయాడు. ముసలి జీతగాడు ఒక్కడే మందను తోలుకుపోతున్నాడు. చీకటి. నేను కంచె వెనక నిలబడి అంకన్న గొంతుతో, ఈ చేను కాదురా, యల్లయ్య చేలోకి తిప్పు అన్నాను. తిప్పాడు. అంతే.

తెల్లారి చూస్తే దేవరాజు చేను నున్నగా ఉంది. యల్లయ్య చేను పెంటికలతో నల్లగా ఉంది. ఒకరి కూడు తిని ఇంకొకరి చేలో మంద కట్టినవాడని అంకన్నను పదిమందిలో నిలబెట్టారు. నేను చెప్పలేదని అంకన్న, నా చెవులతో విన్నానని జీతగాడు. అబద్ధమాడినాడని అంకన్న వాణ్ణి పనిలోంచి తీసేశాడు. నేను ఆ గుంపులోనే నిలబడి వేపపుల్ల నములుతున్నాను. అంత సంగతి అవుతుందని ఎవరనుకున్నారు?

గురమ్మ నా మొహం చూసి కనిపెట్టింది. చాటుకు పిలిచి, పోయి నేనేనని చెప్పు అంది. నేను ఊరి పెద్ద గొంతు తీసి, వ్యాజ్యం కొట్టివేయడమైనది అన్నాను. గొంతు బాగా కుదిరింది. ఆమె నవ్వలేదు. మార్కాపురం వచ్చిన మూడోనాడు పెట్టె సర్దింది. దేవరాజు ముందర నిలబడి నీ నోటితో చెప్పేదాకా రానంది.

గొర్రెలు ఈనుతున్నాయన్నదీ నిజమే. ఏదో ఒకటి ఈనుతూనే ఉంటుంది.

ఏబేలు అంతా విన్నాడు. చేతులు కడుక్కోవడానికి పోయాడు. అప్పుడు చుట్టల పని లేదు.

17 ఫిబ్రవరి

ఏబేలు చేతులు కడుక్కోవడం గురించి ఆలోచించడం నా పని కాదు.

కంభం, 19 ఫిబ్రవరి

డేరా కంభానికి మార్చాం. చెరువు గాలి. నిద్ర బాగా పడుతుంది. మూడుసార్లు లేచాను.

21 ఫిబ్రవరి

దొర ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని నేల చూస్తాడు. అసలు బొమ్మలో గుర్రపు డెక్కల గుర్తులు వెతుకుతుంటాడు. దాన్ని కోసి దొరసాని ఎదుట పెట్టాను. ఇప్పుడు దొర ఆమె ముందు మోకరిల్లి ఉన్నాడు. వాడి గొంతుతో, "తప్పయిపోయింది, ఎగతాళికి చేసినా, ఇంత అవుతుందనుకోలా" అన్నాను. దొరసాని టోపీ సర్దుకుంది. జనం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

మూడువందల మంది విన్నారు. కంభంలో చెప్పింది రాచర్లకు చేరకుండా ఉండదు. దేవరాజు ముందర ఒక్కసారి చెప్పమంది, నేను ఇంతమందిలో రోజూ చెబుతున్నాను. ఇంకేం కావాలి?

22 ఫిబ్రవరి

ఇంకా కబురు లేదు.

23 ఫిబ్రవరి

లేదు. రైలు ఆలస్యం కావచ్చు.

24 ఫిబ్రవరి

ఆఖరున దొరసాని గుర్రమెక్కి పోతుంది. టోపీ గాలికి ఎగిరి నేల మీద పడుతుంది. దొర దాన్ని తీసుకోడు, నిలబడి చూస్తాడు. రోజూ అక్కడ ఏదో ఒక ఎగతాళి మాట వేసి ముగిస్తున్నాను. ఈ రోజు ఆట అయిపోయాక ఒక ముసలామె బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ యమ్మిని అట్ల పోనిస్తివేంది నాయనా? అంత నోరు పెట్టుకోని, ఉండుమని ఒక మాట అనకపోతివి."

అది బొమ్మ అవ్వా అన్నాను. తెలుసులే అంది.

పిడి వెనక్కి తిప్పితే ఏమవుతుందని ఏబేలును అడిగాను. పోయింది వస్తుందన్నాడు.

25 ఫిబ్రవరి

వచ్చింది. దొరసాని పోయి మాయమయ్యాక ఏబేలు పిడి వెనక్కి తిప్పాడు. దుమ్ము నేలలోకి దిగిపోయింది. గుర్రం తోక ముందు పెట్టుకుని నడిచి వచ్చింది. నేల మీది టోపీ లేచి దొరసాని తల మీద కూర్చుంది. ఆమె గుర్రం దిగి దొర ఎదురుగా నిలబడింది. నేను ఆడగొంతుతో, "వచ్చేసినా. నువ్వు ల్యాకుంటే నాకు పొద్దు పోదు" అన్నాను.

డేరాలో ఈలలు. రెండోసారి వెయ్యమన్నారు. మూడుసార్లు వేశాం. మూడుసార్లూ వచ్చింది.

ఇంత బాగా అతికిన బొమ్మ ఇంకొకటి లేదు.

గిద్దలూరు, 5 మార్చి, మంగళవారం

ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

రాచర్లకు ఏడెనిమిది మైళ్ళే గనక అక్కడివాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. పరదా వెనక ఎవరున్నారో నాకు కనపడదు. ఆట మామూలుగానే సాగింది. స్టాంపు దగ్గర నవ్వారు, సీమ గొర్రెల దగ్గర నవ్వారు. దొర మోకరిల్లి తప్పయిపోయిందన్నాడు, నవ్వారు. దొరసాని పోయింది. ఏబేలు పిడి వెనక్కి తిప్పాడు. గుర్రం వచ్చింది, టోపీ లేచింది. వచ్చేసినా అని నేను నోరు తెరిచాను.

పరదా వెనకనుంచి, "ఆ యమ్మ రాల్యా. గుర్రం వెనక్కి నడుస్తా ఉండాది, కనపళ్ళ్యా?"

డేరా అంతా నవ్వింది. ఇది కూడా ఆటలో భాగమనుకున్నారు. నాకు మాత్రం ఆ గొంతు తెలుసు. దొర గొంతు తీసి, ఎవరమ్మా అది, టికెట్టు కొన్నావా అని అడిగాను.

"దొరతో కాదు నేను మాట్లాడేది."

ఈసారి తక్కువమంది నవ్వారు.

"ఏబేలూ, పిడి సక్కరంగా తిప్పు నాయనా."

ఏబేలు నా వైపు చూడలేదు. తిప్పాడు. దొరసాని గుర్రమెక్కింది. టోపీ పడింది. పోయింది. దొర నిలబడ్డాడు. నాలుగువందల మంది నా మాట కోసం చూస్తున్నారు. నా దగ్గర రాజు గొంతుంది, పులి గొంతుంది, అంకన్న గొంతుంది. మిషను చప్పుడు తప్ప ఏమీ లేకుండా చుట్ట అయిపోయింది.

బండ్ల దగ్గరికి పోయాను. గురమ్మ ఎక్కబోతూ ఆగింది. చిక్కిపోయి ఉంది. నేను ఏదో గొంతు తీయబోయాను, ఏ గొంతో గుర్తులేదు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా మాటలు ఊరూరా డేరా ఏసి చెప్పుకుంటివి. చెప్పుకో, నాకేం పోయింది? మా తమ్మునికి నెల దినాల్నుంచి ఒక చేను ల్యా. ఆ ముసలోడు కూలికి పోతా ఉండాడు, ఎవురూ పిలవరు, అబద్ధాలోడంట. నీ మాట ఒకటి అడిగితి, నీ మాట. అది నీకాడ ఉందో లేదో నాకు తెల్దు."

బండి పోయింది. ఎద్దులు ముందుకే నడిచాయి.

రాచర్ల, 6 మార్చి

తెల్లవారుజామున బయలుదేరి నడిచాను. దోవ పొడవునా చెప్పవలసిన మాట అనుకుంటూ వచ్చాను. అనుకున్నప్పుడల్లా అది ఎవరో ఒకరి గొంతులోనే వచ్చింది.

దేవరాజు కల్లం దగ్గర ఉన్నాడు. యల్లయ్య, ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను చూడగానే మొహాలు విప్పారాయి, బయస్కోపు వచ్చిందన్నారు. నేను, "ఆ రాత్రి మంద తిప్పమన్నది అంకన్న కాదు, నేను" అన్నాను.

నవ్వారు.

మళ్ళీ చెప్పాను. ఇంకా నవ్వారు. దేవరాజు మాత్రం నవ్వలేదు, నమ్మనూ లేదు. "బామ్మర్ది మానం కాపాడేదానికి నిందేసుకుంటా ఉండావు. మంచిదే. కానీ నీ నోట ఏ మాటొచ్చినా ఎట్ల నమ్మేదప్పా? నువ్వు చెప్పినవి ఒకటన్నా నిజముండాయా?"

ఆలోచించాను. చెప్పుకోదగ్గది తోచలేదు.

యల్లయ్యే అన్నాడు, అదే గొంతు మళ్ళీ తీయమనండి అని. అంకన్న మంద ఆ పక్కనే తుమ్మల నీడలో మధ్యాహ్నపు ఎండకు పడుకుని ఉంది. ఆ వేళకు గొర్రె లేవదు, తోడేలొచ్చినా ఆలోచిస్తుంది. ముసలి జీతగాణ్ణి పిలిపించారు. అంకన్న వచ్చాడు. గురమ్మ దొడ్డి వాకిట్లో నిలబడింది, బయటికి రాలేదు.

నేను అటు తిరిగి, అంకన్న మందను లేపే కూత వేశాను.

గొర్రెలన్నీ లేచాయి. నూట యాభై గొర్రెలు వచ్చి నన్ను చుట్టుకుని నిలబడ్డాయి. పెద్ద పొట్టేలు నా కడుపులో తల పెట్టి తోసింది. అంకన్న తన గొంతుతో దూరంగా రమ్మని కేకేశాడు. కొన్ని అటు చూశాయి, కొన్ని నా వైపే చూశాయి.

ఎవరూ నవ్వలేదు.

జీతగాడు, "నేను ఇన్నది ఇదే" అన్నాడు. ఎవరితోనూ కాదు, నేలతో అన్నాడు. అంకన్న పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నా వైపు రాలేదు.

దేవరాజు గొర్రెల్ని చూస్తూనే తీర్పు చెప్పాడు. మూడు రాత్రులు మంద తన చేలో. కాపలా నేను. నోరెత్తకూడదు, ఎత్తితే మంద కలవరపడుతుంది. "కూడు మా ఇంటిదే వస్తాది. ఈసారన్నా తిన్న చేలోనే పండుకో."

8 మార్చి

రెండు రాత్రులయింది. నోరెత్తలేదు. గొర్రెలు బాగా వింటాయి.

యల్లయ్య వచ్చి ఆపై నాలుగు రాత్రులకు మంద అడిగాడు. ఆయన చేనికి అప్పుడే ఒకసారి పడిందని ఎవరో గుర్తుచేస్తే, అది లెక్కలోకి రాదు, అది బయస్కోపు అన్నాడు. జీతగాడు మళ్ళీ పనిలో చేరాడు. ఇకమీదట లాంతరు వెలుగులో మొహం చూస్తేగాని మంద తిప్పనని అంకన్నకు చెప్పాడు. అంకన్న సరేనన్నాడు.

గిద్దలూరునుంచి ఏబేలు మనిషి చేత కబురు పంపాడు. నేను లేకపోతే రామసుబ్బయ్యే బల్లెక్కి మాట చెబుతున్నాడట. రాజూ దొరా దొరసానీ అందరూ ఉమ్మెయ్యకుండా కూర్చోమని, పిల్లల్ని ఏడవనివ్వద్దని చెబుతున్నారట. జనం దానికీ నవ్వుతున్నారట.

అంకన్న నాతో ఇంకా మాట్లాడలేదు. ఈ పొద్దు నా కంబళి మడిచి పెట్టాడు. అది మందకు అడ్డంగా ఉండి కావచ్చు.

9 మార్చి, శనివారం

మూడో రాత్రి అయింది. తెల్లారి కాళ్ళు కడుక్కుని అత్తగారింటికి పోయాను. గురమ్మ లోపల ఉంది. పెట్టె తెరిచి ఉంది.

గుమ్మంలో నిలబడ్డాను. మూడు రోజులు మాట్లాడని నోరు, తుప్పు పట్టినట్టుంది. గురమ్మా అన్నాను. అది ఎవరి గొంతో ఒక క్షణం నాకే తెలియలేదు.

ఆమె చీర మడుస్తూనే, "ఆ పొద్దు గొర్లు లేసినప్పుడు నీకు నగు రాల్యా?" అని అడిగింది.

లేదని చెబితే సరిపోయేది. ఏడుపు వచ్చిందంటే ఇంకా బాగుండేది. రెండూ నాలిక చివరిదాకా వచ్చాయి.

"వచ్చినాది. పొట్టేలు పొడిచినప్పుడు. ఆపుకుంటి" అన్నాను.

ఆమె అటు తిరిగింది. మడిచిన చీర పెట్టెలో పెట్టింది, ఇంకొకటి తీసింది. వీపు కనపడుతోంది. భుజాలు కదిలాయి. నవ్విందో, ఏడ్చిందో, చీర బరువో వెనకనుంచి తెలియలేదు. ఇదివరకైతే అక్కడ ఏం మాట పడాలో నాకు వెంటనే తోచేది. ఈ రోజు ఆమెకు నేను ఏ మాటా పెట్టలేదు.

పెట్టె మూసింది. దాని పట్టీ బిగుసుకుని ఉంది, నన్ను లాగమంది. లాగాను.

గిద్దలూరులో మార్కాపురం రైలు మధ్యాహ్నం.